తుప్పు మరకకి ఏ మందు వాడాలి? ముందు అది పడ్డ చోటు చూడండి

తుప్పు మరక కనబడగానే మన ఇళ్లలో చాలామంది చేయి బ్లీచింగ్ వైపు పోతుంది. తెల్ల బట్ట మీద ఎర్రటి చార చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. తుప్పు విషయంలో మాత్రం అంతకన్నా చెడ్డ ఎంపిక లేదు. టీ మరకలోనో కూర మరకలోనో ఉన్న రంగుని బ్లీచ్ విరగ్గొడుతుంది. తుప్పు ఆ జాతి రంగు కాదు. ఇనుము గాలితో, తడితో కలిసి తయారైన పదార్థం అది. బ్లీచ్ చేసేది కూడా ఇనుముని ఇంకా ఆక్సీకరణ చేయడమే. అందుకే బట్టలో కంటికి కనబడకుండా తడిలో కరిగి ఉన్న ఇనుము సైతం బ్లీచ్ తగిలాక గట్టి తుప్పుగా మారి నూలులో కూర్చుంటుంది. వాషింగ్ సోడా, ఘాటైన సబ్బు పొడి కూడా కొంతవరకు ఇదే పని చేస్తాయి.

తుప్పుని కదిలించేది పులుపు, అంటే యాసిడ్. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కంతా ఏ పులుపు, ఎంత, దేని మీద అన్న దగ్గర వస్తుంది. తెల్ల లుంగీని బాగు చేసిన నిమ్మరసమే మార్బుల్ గట్టుని పాడు చేస్తుంది. పట్టుచీరకి పనికొచ్చేది మొజాయిక్ గచ్చుకి పనికిరాదు. మరక ఎక్కడైనా ఒకటే, అది పడ్డ వస్తువు వేరు. కాబట్టి మందుని మరకని బట్టి కాకుండా వస్తువుని బట్టి ఎంచుకోవాలి.

ముందు, ఇది ఏ మరక?

మన ఒడిశాలో బరంపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలి తగులుతుంది. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి కిటికీ ఊచలు, గేట్లు, దండెం తీగలు తొందరగా తుప్పు పడతాయి. వానాకాలం బట్టలు లోపల ఆరేసినప్పుడు ఊచకి తగిలిన చోట చార పడుతుంది. పిన్నీసు మర్చిపోయిన జాకెట్టు, ఇనుప బీరువా అరకి ఆనుకున్న చీర, వంటింట్లో గ్యాస్ బండ కింద గుండ్రటి మరక, అన్నీ ఈ మొదటి రకమే. ఇనుము నేరుగా తగిలిన చోటే మరక ఉంటుంది, అంచులు స్పష్టంగా ఉంటాయి.

రెండోది బోరు నీళ్ల మరక. భూమి లోపల గాలి తగలదు కాబట్టి ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, తోడినప్పుడు నీళ్లు తేటగానే కనబడతాయి. బకెట్లో కాసేపు ఉంచితే పసుపు తిరిగి, అడుగున ఎర్ర మడ్డి దిగుతుంది. ఈ నీళ్లతో ఉతికిన తెల్ల బట్టలకి ఒకచోట మరక అంటూ ఉండదు, బట్ట మొత్తం పసుపు బారుతుంది. లీటరు నీళ్లలో ఇనుము 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకి, సింకులకి మరకలు మొదలవుతాయి. ఇంట్లోనే చూసుకోవాలంటే ఆ నీళ్లలో కాస్త టీ డికాక్షన్ కలపండి. లేదా జామాకు నలిపి వేయండి. ఇనుము ఎక్కువగా ఉంటే నీళ్లు నల్లగా, ఊదాగా మారతాయి.

మూడోది రాయగడ, కోరాపుట్ వైపు పిల్లల సాక్సులకీ యూనిఫారాలకీ అంటే ఎర్రమట్టి. అందులోనూ ఇనుమే ఉంది, కానీ దాన్ని మోసేది బంక. తడి మీద రుద్దితే బంక ఇంకా లోపలికి పోతుంది. పూర్తిగా ఆరనిచ్చి, దులిపి, మామూలు సబ్బుతో ఉతికి, అప్పటికీ మిగిలిన ఎర్ర ఛాయకే పులుపు వాడాలి. తుప్పు మరకకి ముందు సబ్బు వద్దంటాను, మట్టి మరకకి ముందు సబ్బే కావాలంటాను. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం శ్రమ తప్పుతుంది.

అందుబాటులో ఉన్న మందులు

నా మొదటి ఓటు నిమ్మ ఉప్పుకే. కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్ అది. నిమ్మరసంలో ఉన్నదీ ఇదే, సుమారు 5 నుంచి 6 శాతం ఉంటుంది. చిన్న గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చిన్న చెంచాల నిమ్మ ఉప్పు (సుమారు 10 గ్రాములు) కలిపితే దాదాపు నిమ్మరసం అంత పులుపు వస్తుంది. గుజ్జు, పసుపు రంగు ఉండవు. కావలసినంత బలంగా, పలచగా చేసుకోవచ్చు. అసలు గొప్ప ఏమిటంటే ఇది తుప్పుని కరిగించడంతో ఆగదు, కరిగిన ఇనుముని నీళ్లలోనే పట్టి ఉంచుతుంది, మళ్లీ బట్ట మీద దిగనివ్వదు. వెనిగర్‌లో ఈ పట్టు తక్కువ. లేత మరకలకి పరవాలేదు, పాత మరకలకి టైమ్ వేస్ట్. చింతపండు ఇత్తడికి బ్రహ్మాండం కానీ తెల్ల బట్టకి తన మరక తనే ఇస్తుంది. కూల్‌డ్రింకు పోయమని చెప్పేవాళ్లున్నారు. అందులోని ఫాస్ఫారిక్ యాసిడ్ చాలా కొంచెం, పంచదారా రంగూ మాత్రం బోలెడు.

ఆక్సాలిక్ యాసిడ్ దీనికన్నా బలమైనది. తెల్లటి పలుకుల పొడి, రంగుల షాపుల్లో, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. మన ఒడిశా మార్కెట్లలో కరమంగా పేరుతో అమ్మే స్టార్ ఫ్రూట్‌లో ఉన్నదీ ఇదే యాసిడ్. ఆ పండు రసం తుప్పు మరకలకి పూయడం అందుకే పాతకాలం నుంచి ఉంది. పండు రసం పలచన కాబట్టి లేత మరకకి సరిపోతుంది. షాపు పొడి అలా కాదు, విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, దుమ్ము పీల్చకూడదు, వంట గిన్నెల్లో కలపకూడదు. చూడ్డానికి పంచదారలా ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, తాళం ఉన్న చోట పెట్టాలి.

బాత్రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, అన్నిటికన్నా వేగం. నేను అన్నిటికన్నా చివర పెట్టేదీ అదే. నూలుని తినేస్తుంది, సిమెంటుని తినేస్తుంది. దాని ఆవిరి చుట్టుపక్కల ఉన్న స్టీలు కుళాయిలకీ తలుపు బందులకీ తగిలి అక్కడ కొత్త తుప్పు పుట్టిస్తుంది. ఒక మరక పోగొట్టి నాలుగు మరకలు తెచ్చుకోవడం ఎందుకు?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ యాసిడ్ అయినా సరే, బ్లీచింగ్ పౌడర్‌తోనో బ్లీచ్ ద్రవంతోనో కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు వేసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ముందు రోజు బ్లీచింగ్ చల్లిన నేల అయితే బాగా నీళ్లు కొట్టి కడిగాకే పులుపు వేయండి.

అలాగే నిమ్మరసంలో తినే సోడా కలిపి పొంగుతుండగా మరక మీద వేసే పద్ధతి. పొంగు చూసి మందు పని చేస్తోందనుకుంటాం. నిజానికి సోడా పులుపుని చంపేస్తోంది, ఆ పొంగు అదే. బట్టకి దీనివల్ల లాభం లేదు. కానీ మార్బుల్‌కి ఇదే కలయిక వేరే రకంగా పనికొస్తుంది, కిందకి వెళ్లాక చెప్తాను.

బట్టలు

తెల్ల నూలు బట్ట అయితే భయం లేదు. మరక ఉన్న చోటుని గాజు గిన్నె మీదో ప్లాస్టిక్ గిన్నె మీదో పరిచి, పైన చెప్పిన నిమ్మ ఉప్పు నీళ్లు వేడిగా పోయండి. అరగంట తడిగా ఉంచండి. మొండి మరకైతే ఎండలో పెట్టండి. నిమ్మ ఉప్పు ఇనుముతో కలిసినప్పుడు ఎండ తగిలితే ఆ ఇనుము ఇంకా తేలిగ్గా కరిగే రూపంలోకి మారుతుంది. పెద్దవాళ్లు నిమ్మచెక్క రుద్ది ఎండలో వేయమనడంలో అసలైన కారణం ఇదే. కాకపోతే అక్కడ ఆరనివ్వకూడదు. ఆరేకొద్దీ పులుపు చిక్కబడి నూలు బలహీనపడుతుంది. ఆరబోతుంటే మళ్లీ తడపండి. మరక లేతబడ్డాక ముందు మంచి నీళ్లతో రెండు మూడు సార్లు జాడించి, తర్వాతే సబ్బు పెట్టాలి. పులుపు పోకుండా సబ్బు పెడితే కరిగిన ఇనుము మళ్లీ అక్కడే దిగుతుంది. చాలామందికి మరక పోయినట్టే పోయి తిరిగి వచ్చేది ఈ తొందర వల్లే.

జాడించే నీళ్లే బోరువైతే చేసిందంతా వృథా. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు పట్టుకోండి. వానాకాలమైతే డాబా మీద నుంచి పడే వాన నీళ్లు ఇంకా మంచివి, ఇనుప రేకుల మీద నుంచి రానంతవరకు.

మొత్తం పసుపు బారిన యూనిఫారం చొక్కాలకి ఒక్కోచోట పూయడం కుదరదు. లీటరు వేడి నీళ్లకి 20 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, బట్టలు మునిగేలా గంట నానబెట్టి జాడించండి. నీలిమందు పెడితే పసుపు కొన్నాళ్లు కనబడదు గానీ ఇనుము లోపలే ఉంటుంది.

రంగు నూలు బట్టలకి ఇదే మందు, సగం బలంతో, చల్లగా. మడత లోపల ఒక చుక్క వేసి పావుగంట చూసి, తెల్ల గుడ్డతో అద్దితే రంగు అంటకపోతేనే ముందుకి వెళ్లండి. వీటిలో కలంకారీ సంగతి వేరు. సహజ రంగులతో వేసే కలంకారీలో నల్ల గీతలు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడ్డప్పుడు వస్తాయి. అంటే ఆ నలుపే ఇనుము. తుప్పు కరిగించే మందు ఆ గీతల్ని కూడా కరిగిస్తుంది. అలాంటి గుడ్డ మీద మరక నలుపుకి దగ్గరగా ఉంటే వదిలేయమనే చెప్తాను. ఆక్సాలిక్ అసలు ముట్టించవద్దు.

పట్టు విషయానికొస్తే, బరంపురం పట్టు బీరువాలో ఉన్న ప్రతి ఇంటికీ ఇది మనసుకి దగ్గర వ్యవహారం. పెళ్లినాటి చీర మడత మీద ఎర్ర గీత కనబడితే ఎంత బాధో నాకు తెలుసు. ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. పట్టు నూలుకి పూర్తిగా భిన్నం. నూలు వాషింగ్ సోడాని తట్టుకుంటుంది, గట్టి యాసిడ్‌కి చిరుగుతుంది. పట్టు సోడాకి దెబ్బతింటుంది, బ్లీచ్‌లో ఏకంగా కరిగిపోతుంది, కానీ పలుచని పులుపుని బాగానే తట్టుకుంటుంది. కాబట్టి లేత మరకైతే గ్లాసు చల్లటి నీళ్లలో అర చెంచా నిమ్మ ఉప్పు కలిపి, దూదితో మరక మీద మాత్రమే అద్ది, పది నిమిషాల్లో మంచి నీళ్ల దూదితో తుడిచేయండి. రుద్దితే పట్టు మెరుపు పోతుంది. జరీకి పులుపు తగలనివ్వకండి, జరీలోని రాగి, వెండి రంగు మారతాయి.

పెద్ద మరకైతే డ్రై క్లీనింగ్‌కి ఇవ్వడమే మేలు. ఇచ్చేటప్పుడు అది తుప్పు మరక అని చెప్పి ఇవ్వండి. ఒడియా వాళ్ల షాపైతే ‘కలంకి దాగ’ అంటే సరిపోతుంది. మామూలు డ్రై క్లీనింగ్ ద్రవాలకి తుప్పు కరగదు, దానికి వేరే మందు పూయాలి. చెప్పకపోతే మామూలుగా ఉతికి ఇచ్చేస్తారు.

గచ్చు, రాయి

ఇక్కడే అందరికన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది, అదీ బాగు చేద్దామని చేసిన పనివల్ల. మార్బుల్, కోటా రాయి, నాపరాయి, ఇవన్నీ సున్నపు జాతి రాళ్లు. మొజాయిక్‌లో మార్బుల్ ముక్కలూ సిమెంటూ ఉంటాయి. వీటి మీద ఏ పులుపు పడ్డా రాయి కరుగుతుంది. మరక ఉన్న చోట మరక పోయి, దాని బదులు మెరుపు పోయిన తెల్ల మచ్చ మిగులుతుంది. తుప్పుని మళ్లీ తీయొచ్చేమో గానీ ఆ మచ్చకి పాలిష్ మిషన్ తప్ప దారి లేదు. మీ రాయి ఏదో తెలియకపోతే బీరువా వెనక మూల ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. సన్న బుడగలు వచ్చినా, తుడిచాక మెరుపు తగ్గినా అది సున్నపు రాయే.

గ్యాస్ బండ కింద మొజాయిక్ మీద పడ్డ రింగుకి ఇంట్లో చేయగలిగింది ఇది. ముందు పొడి గుడ్డతో పైపై తుప్పు పొడి తీసేయండి. స్టీలు పీచు వద్దు, దాని ముక్కలు గచ్చులో చిక్కి అవే తుప్పు పడతాయి. తర్వాత నిమ్మ ఉప్పు 10 గ్రాములు కొద్ది నీళ్లలో కరిగించి, అందులో తినే సోడా 12, 13 గ్రాములు కొంచెం కొంచెంగా పొంగు ఆగిపోయేదాకా వేయండి. పులుపు పూర్తిగా చచ్చి సోడియం సిట్రేట్ మిగులుతుంది. రాయిని తినే గుణం పోయింది, ఇనుముని పట్టుకునే గుణం ఉంది. తెల్ల టిష్యూ పేపర్ మడతలు ఈ నీళ్లలో తడిపి మరక మీద పరిచి, పైన పాలిథిన్ కప్పి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న తీసి, కడిగి, తుడిచి చూడండి. పని నెమ్మది. కొత్త మరక రెండు మూడు రాత్రుల్లో తగ్గుతుంది, ఏళ్లనాటి మరక లేతబడుతుంది గానీ పూర్తిగా పోదు. మెరిసే మార్బుల్ అయితే ఇది కూడా ముందు ఒక మూల వేసి చూసుకోవాలి.

పాత మరకకి పాలిష్ పనివాళ్లని పిలవండి. ఆక్సాలిక్ వాళ్లూ వాడతారు, పాలిష్ చివర్లో, మిషన్ కింద. అది చేయి తిరిగిన పని, మనం పొడి చల్లి వదిలేసే పనితో దానికి పోలిక లేదు.

పర్లాకిమిడి, బరంపురం పాత ఇళ్లలో ఎర్ర గచ్చులుంటాయి. ఆ ఎరుపు కూడా ఇనుము ఆక్సైడ్ రంగే, కట్టి ఉంచేది సిమెంటు. పులుపు వేస్తే రెండూ దెబ్బతింటాయి. తుప్పు మరకని సబ్బు నీళ్లతో కడిగి, కొబ్బరి నూనెనో మైనమో పట్టించి చుట్టూ ఉన్న రంగులో కలిపేయడమే నాకు నచ్చిన దారి.

గ్రానైట్ గట్టి రాయి, నిమ్మ ఉప్పు నీళ్లు పది నిమిషాలు వేసి కడిగేస్తే ఇబ్బంది లేదు. అయితే కొన్ని గ్రానైట్లలో రాయిలోనే ఇనుము ఉన్న ఖనిజాలుంటాయి. అవి తడికి తుప్పు పట్టి మచ్చలు పైకి వస్తాయి. ఎన్నిసార్లు తుడిచినా అదే చోట మళ్లీ వస్తుంటే తప్పు మీది కాదు, రాయిది. తడి లోపలికి దిగకుండా సీలర్ వేయించండి.

బాత్రూమ్, సింకు, చెక్క

టైల్స్, కమోడ్, వాష్ బేసిన్ గాజు పూత ఉన్నవి. పులుపు వీటిని ఏమీ చేయదు. టిష్యూ పేపర్ నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపి చార మీద అంటించి గంట ఉంచితే చాలావరకు పోతుంది. టైల్స్ మధ్య సందుల్లో ఉన్నది సిమెంటు కాబట్టి అక్కడ ఎక్కువసేపు నిలవనివ్వకండి. ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులకి గోరువెచ్చటి నిమ్మ ఉప్పు నీళ్లు చాలు.

స్టీలు సింకు మీద ఎర్ర చుక్కలు చాలాసార్లు సింకువి కావు, స్క్రబ్బర్ ముక్కలవో, తడి ఇనుప అట్లపెనానివో. నిమ్మ ఉప్పుతో తుడిస్తే పోతాయి. నిమ్మచెక్కకి ఉప్పు అద్ది రుద్ది అలాగే వదిలేయడం మాత్రం ఇక్కడ పనికిరాదు. ఉప్పు, బ్లీచ్, బాత్రూమ్ యాసిడ్, మూడింట్లో ఉన్న క్లోరైడ్ స్టీలుని సూది గుంటలుగా తింటుంది.

చెక్క మీద ఇనుప మరక ఎర్రగా కాకుండా నల్లగా ఉంటుంది. మేకు చుట్టూ, గడియ కింద, తడి ఇనుప కుండీ పెట్టిన బల్ల మీద చూస్తుంటాం. చెక్కలోని వగరు ఇనుముతో కలిసి సిరా నలుపు అవుతుంది. ఆక్సాలిక్‌ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసే చోటు ఇదొక్కటే. వార్నిష్ గీకేసి, లీటరు వేడి నీళ్లకి 30 నుంచి 50 గ్రాములు కలిపి బ్రష్‌తో పూయండి. గ్లవ్స్, కళ్లద్దాలు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. నలుపు పోయాక చాలా నీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వాలి. ఆరిన చెక్కని గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లోపల మిగిలిన యాసిడ్ దుమ్ముగా లేస్తుంది కాబట్టి ముక్కుకి మాస్క్ ఉండాలి.

నీళ్లే కారణమైతే

బోరు నీళ్ల పసుపుకి బట్ట మీద ఎన్ని మందులు వాడినా వచ్చే వారం మళ్లీ మామూలే. ఖర్చు పెట్టేదేదో నీళ్ల మీద పెట్టండి. ఉతికే నీళ్లకి చవకైన దారి గాలి తగిలించడం. సాయంత్రం తోడిన నీళ్లని ఎత్తు నుంచి డ్రమ్ములోకి పోసి రాత్రంతా ఉంచితే ఇనుము చాలావరకు మడ్డిగా దిగుతుంది. పొద్దున్న కదపకుండా పై నీళ్లు తీసుకోవాలి. రోజూ ఎక్కువ నీళ్లు కావలసిన ఇంటికి ట్యాంకు ముందు ఇసుక ఫిల్టరు పెట్టించుకోవడం మేలు, ఇసుకని అప్పుడప్పుడు వెనక్కి నీళ్లు తోసి కడుగుతుండాలి.

తాగే నీళ్లకైతే ఒడిశాలోనే పుట్టిన టెరాఫిల్ అనే ఫిల్టరు ఉంది. భువనేశ్వర్‌లోని సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) ప్రయోగశాల తయారు చేసినది. ఎర్రమట్టి, నది ఇసుక, రంపపు పొట్టు కలిపి కాల్చిన బిళ్ల అది, కరెంటు అక్కర్లేదు, ఇనుముని బాగా పడుతుంది. నీళ్లు దిగడం మందగిస్తే బిళ్ల పాడైందని పారేయకండి. పైన పేరుకున్న ఎర్ర మడ్డిని మెత్తటి బ్రష్‌తో, సబ్బు లేకుండా రుద్ది కడిగితే మళ్లీ దిగుతాయి.